ఫిజిక్స్ ఎం.ఎస్సీ అయిపోతోంది, పీహెచ్‌డీకి పోవాలంటే ఇప్పుడు ఏం చేయాలి? (అమెరికా అయినా, ఇక్కడైనా)

మామిడితోట

నాది బంగారుపాళ్యం దగ్గర పల్లె. డిగ్రీ చిత్తూరులో చదివాను, ఇప్పుడు తిరుపతిలో హాస్టల్లో ఉండి ఎం.ఎస్సీ ఫిజిక్స్ చివరి సెమిస్టర్ చదువుతున్నాను. ఫస్ట్ క్లాస్ వస్తుంది గానీ యూనివర్సిటీ ర్యాంకు రాదు. అట్మాస్ఫియరిక్ ఫిజిక్స్ ఎలెక్టివ్ తీసుకున్నప్పటి నుంచి నాకు అదే పిచ్చి. ఏప్రిల్, మే నెలల్లో మన వైపు సాయంత్రం పూట ఉరుములతో వచ్చే వాన ఒక ఊళ్లో దంచి కొట్టి పక్క ఊళ్లో చుక్క కూడా ఎందుకు రాల్చదు అనే దాని మీద పని చేయాలని ఉంది. నవ్వకండి.

మా నాయనకి తోతాపురి తోట. 2025లో కాయ రేటు ఎట్లా పడిపోయిందో ఈ జిల్లా వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కాబట్టి ఇంట్లో డబ్బు అడిగే పరిస్థితి లేదు. మా మేనమామ అయితే బి.ఎడ్ చేసి డీఎస్సీ రాయమని మా అమ్మకి రోజూ ఫోన్ చేసి నూరిపోస్తున్నాడు. తిరుపతిలో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే వాళ్లు పీహెచ్‌డీ మాటే ఎత్తనివ్వలేదు, ఎం.ఎస్.కి పొమ్మంటారు, నలభై లక్షల లోను మేమే ఇప్పిస్తాం అంటారు. మా సీనియర్ అక్క మాత్రం అమెరికాలో పీహెచ్‌డీకి ఫీజు ఉండదు, ఎదురు మనకే జీతం ఇస్తారు అంది. ఇది నిజమేనా? నిజమైతే కన్సల్టెన్సీ వాళ్లు ఆ ముక్క ఎందుకు చెప్పరు?

ఇంకో టెన్షన్ ఏమంటే రికమెండేషన్ లెటర్లు మూడు కావాలంట. మా సార్‌ని అడిగితే "నువ్వే రాసుకొని రామ్మా, సంతకం పెడతా" అన్నారు. అట్లా చేయొచ్చా? ఇక్కడే చేయాలంటే నెట్ పరీక్ష ఒక్కటే దారా?

మా రూమ్మేట్ ఎం.ఏ. హిస్టరీ. తన తరఫున కూడా అడుగుతున్నాను, ఆర్ట్స్ వాళ్లకి ఇవి వర్తిస్తాయా?

హార్స్‌లీ_గాలి

చెల్లెమ్మా, మాది మదనపల్లె. ఇక్కడ అమెరికాలో పీహెచ్‌డీ చేస్తున్నాను, నీ సబ్జెక్టుకి దగ్గరిదే. మీ సీనియర్ చెప్పింది నిజం. సైన్స్ డిపార్ట్‌మెంట్లలో పీహెచ్‌డీ సీటు ఇస్తున్నారంటే మామూలుగా ట్యూషన్ ఫీజు మాఫీ, హెల్త్ ఇన్సూరెన్స్, నెలనెలా స్టైపెండ్ కలిపే ఇస్తారు. బదులుగా నువ్వు టీచింగ్ అసిస్టెంట్‌గా బ్యాచిలర్స్ పిల్లలకి ల్యాబ్ చెప్పి పేపర్లు దిద్దాలి, లేదా ప్రొఫెసర్ గ్రాంటు మీద రీసెర్చ్ అసిస్టెంట్‌గా పని చేయాలి. సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలు మించకూడదు. స్టైపెండ్ ఊరిని బట్టి, యూనివర్సిటీని బట్టి ఏడాదికి 25 వేల డాలర్ల నుంచి 40 వేల పైచిలుకు దాకా ఉంటుంది, దాంతో బతకొచ్చు గానీ ఇంటికి పంపించేంత మిగలదు. కొన్ని చోట్ల ట్యూషన్ మాఫీ అయినా స్టూడెంట్ ఫీజులని సెమిస్టర్‌కి కొన్ని వందల డాలర్లు గుంజుతారు, ఆఫర్ లెటర్లో ఆ లైను వెతికి చదువు.

ఇక కన్సల్టెన్సీ వాళ్లు ఎందుకు చెప్పరంటావా, వాళ్లకి కమీషన్ వచ్చేది ఫీజు కట్టే పిల్లల మీద. జీతం తీసుకునే పిల్ల మీద వాళ్లకేం మిగులుతుంది చెప్పు.

ఆన్‌లైన్లో వెతికేటప్పుడు గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ సైన్సెస్ అని కనిపిస్తే అదేదో ఆర్ట్స్ కాలేజీ అనుకొని వదిలేయకు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, హిస్టరీ, లింగ్విస్టిక్స్ అన్నీ అందులోకే వస్తాయి. లా, మెడిసిన్, ఇంజనీరింగ్ వేరుగా ఉంటాయి. అప్లికేషన్ ఆ స్కూలు పోర్టల్‌లో వేసినా తీసుకునేదీ వద్దనేదీ డిపార్ట్‌మెంటే.

నీ విషయంలో ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. ఫిజిక్స్ డిపార్ట్‌మెంటుకి అప్లై చేస్తే సాధారణంగా కమిటీ కూర్చొని తీసుకుంటుంది, ముందుగా ప్రొఫెసర్లకి మెయిళ్లు కొట్టినందువల్ల పెద్దగా ఒరిగేదేం లేదు. కానీ నువ్వు చెప్పే వానల సంగతి చాలా చోట్ల ఫిజిక్స్‌లో ఉండదు, అట్మాస్ఫియరిక్ సైన్స్ అని వేరే డిపార్ట్‌మెంట్ ఉంటుంది, కొలరాడో స్టేట్, సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్, పెన్ స్టేట్ లాంటివి. అక్కడ ఎక్కువగా ఒక ప్రొఫెసర్ తన గ్రాంటు మీద విద్యార్థిని తీసుకుంటారు. కాబట్టి ఆ ఏడాది కొత్తవాళ్లని తీసుకుంటున్నారా అని ముందే మెయిల్ పెట్టి కనుక్కోవాలి. డబ్బు లేని ప్రొఫెసర్ పేరు రాసి అప్లై చేస్తే ఎంత మంచి ప్రొఫైల్ అయినా గోవిందా.

డెడ్‌లైన్లు చాలా వరకు డిసెంబరు మొదటి తేదీ నుంచి పదిహేను లోపల, కొన్ని జనవరిలో. జీఆర్ఈ చాలా డిపార్ట్‌మెంట్లు తీసేశాయి, ఒక్కోదాని పేజీ చూసుకో. టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ లాంటి ఇంగ్లీషు పరీక్ష ఒకటి చాలా చోట్ల అడుగుతారు. అప్లికేషన్ ఫీజు ఒక్కోదానికి 75 నుంచి 125 డాలర్ల మధ్య, ఎనిమిదింటికి వేస్తే అరవై డెబ్బై వేలు చేతిలోంచి పోతాయి. మీ ఇంటి పరిస్థితి రాసి గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కి మెయిల్ పెడితే కొందరు ఫీజు మాఫీ చేస్తారు, అడగడానికి మొహమాటపడొద్దు. ఫండింగ్‌తో ఆఫర్ వస్తే ఏప్రిల్ 15 దాకా టైం ఉంటుంది, చాలా యూనివర్సిటీలు ఆ ఒప్పందంలో ఉన్నాయి, మార్చిలోనే చెప్పేయమని ఎవరైనా తొందరపెడితే భయపడకు.

లెటర్ల గురించి విడిగా రాస్తాను, ల్యాబ్‌కి టైం అయింది.

ఏర్పేడు_పాసింజర్

అన్న చెప్పిందంతా కరెక్టే గానీ ఒకటి వదిలేశాడు. 2025 నుంచి అక్కడ ఫెడరల్ గ్రాంట్లు కోసేస్తున్నారు, కొన్ని యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించేశాయి. గుడ్లన్నీ ఒకే బుట్టలో పెట్టకుండా ఇక్కడ కూడా రాస్తూ ఉండాలి.

ఇక్కడ నెట్ ఒక్కటే దారి కాదు. సైన్సుకి సీఎస్‌ఐఆర్ నెట్, ఏడాదికి రెండుసార్లు పెడతారు. ఫిజిక్స్‌కి దానితో పాటు జెస్ట్, గేట్ అనే ప్రవేశ పరీక్షలు ఉన్నాయి. ఐసర్, ఐఐఎస్‌సీ లాంటి కేంద్ర సైన్స్ సంస్థల్లో జెస్ట్, గేట్ స్కోరుతో కూడా ఇంటర్వ్యూకి పిలుస్తారు. నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000, హెచ్ఆర్ఏ అదనం. 2023 జనవరి నుంచి ఇదే రేటు. యూనివర్సిటీ ఫస్ట్ ర్యాంకు వాళ్లకి ఇన్‌స్పైర్ ఫెలోషిప్ ఉంది, నీకు ర్యాంకు లేదన్నావు కాబట్టి అది వదిలేయ్. మన రాష్ట్ర యూనివర్సిటీల్లోకి అయితే ఆర్‌సెట్ అనే పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష ఉంది, సీటు వస్తుంది గానీ దాంతో ఫెలోషిప్ రాదు, ఈ తేడా తెలియక చాలామంది సంబరపడి చేరిపోతారు.

అసలు నువ్వు తిరుపతిలో కూర్చొని అమెరికా పేర్లు అడగడమే నాకు వింతగా ఉంది. చంద్రగిరి దాటితే గాదంకి. అక్కడ ఇస్రో వాళ్ల నేషనల్ అట్మాస్ఫియరిక్ రీసెర్చ్ లాబొరేటరీ ఉంది. ఎంఎస్‌టీ రాడార్ అంటే 1024 యాగీ యాంటెన్నాలు, 130 మీటర్లకి 130 మీటర్ల పొలంలో మొక్కలు నాటినట్టు నిలబెట్టి ఉంటాయి, 53 మెగాహెర్ట్జ్ మీద పని చేస్తుంది, మన నెత్తి మీద గాలి ఏ ఎత్తులో ఎటు పోతోందో చెప్తుంది. నువ్వు అడిగే ఉరుముల వాన వాళ్లు పని చేసే విషయాల్లో ఒకటి. శ్రీహరికోటలో డాప్లర్ వెదర్ రాడార్ ఉంది. పుణెలో వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం, తిరువనంతపురంలో స్పేస్ ఫిజిక్స్ లాబొరేటరీ, అహ్మదాబాద్‌లో పీఆర్ఎల్ (ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ), ఇవన్నీ నీ సబ్జెక్టువే. చివరి సెమిస్టర్ ప్రాజెక్టు ఇంకా తేల్చుకోకపోతే గాదంకి సైంటిస్టు ఎవరికైనా మీ డిపార్ట్‌మెంట్ ద్వారా అడిగించు.

వాళ్లు రమ్మన్నా రమ్మనకపోయినా ఈ రాత్రే హాస్టల్లో లాప్‌టాప్ మీద మొదలుపెట్టొచ్చు. నాసా వాళ్ల ఐమెర్జ్ అనే వాన డేటా ఫ్రీ, అరగంటకోసారి, 0.1 డిగ్రీ గడి. యూనివర్సిటీ ఆఫ్ వ్యోమింగ్ సైట్‌లో చెన్నై మీనంబాకంలో గాల్లోకి వదిలే బెలూన్ కొలిచిన ఉష్ణోగ్రత, తేమ, గాలి డేటా రోజువారీ దొరుకుతుంది, స్టేషన్ నంబరు 43279. పైథాన్ ప్రోగ్రామింగ్ వస్తే చాలు, రాకపోతే నేర్చుకో. బంగారుపాళ్యం మీది గడి తీసి ఒక మే నెల అంతా గీసి చూడు. గడి 11 కిలోమీటర్లు కదా, మీ ఊరూ పక్క ఊరూ ఒకే గడిలో పడతాయి, నీ ప్రశ్నకి శాటిలైట్ డేటా సరిపోదని నీకే తెలుస్తుంది. మరి దేంతో కొలవాలి అనే దగ్గర్నుంచి అసలు రీసెర్చ్ మొదలవుతుంది. ఇది చేసి చూపించినవాళ్లకీ, "వాతావరణం మీద ఆసక్తి ఉంది" అని రాసినవాళ్లకీ ఇంటర్వ్యూలో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

రాతిమీదరాత

హిస్టరీ రూమ్మేట్‌కి నేను చెప్తాను. నేను శాసనాల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను, ఊరు పేరు వద్దులే.

జేఆర్ఎఫ్ ఆర్ట్స్ వాళ్లకీ అంతే, రేటులో తేడా లేదు, కాకపోతే పరీక్ష యూజీసీ నెట్. 2024 జూన్ నుంచి నెట్‌ని మూడు రకాలుగా చేశారు, జేఆర్ఎఫ్ రాకపోయినా పీహెచ్‌డీ అడ్మిషన్‌కి మాత్రమే అర్హత వచ్చే కేటగిరీ కూడా ఉంది. దాంట్లో నెట్ మార్కులకి 70, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ, ఒక ఏడాదే చెల్లుతుంది. జేఆర్ఎఫ్‌కి వయసు పరిమితి ఉంది, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకి లేదు. అందుకే ముందు జేఆర్ఎఫ్ కొట్టేయమని చెప్పు, మిగతావి ఎప్పుడైనా చూసుకోవచ్చు.

తనకి తమిళం వచ్చా? చిత్తూరు వైపు పిల్లయితే మాట్లాడటం వచ్చే ఉంటుంది, చదవడం కూడా నేర్చుకోమను. తిరుమల గుడి శాసనాలు 1930ల్లోనే దేవస్థానం సంపుటాలుగా అచ్చు వేయించింది, వాటిలో ఎక్కువ భాగం తమిళంలోనే ఉన్నాయి, సంస్కృతం ముక్కలు గ్రంథ లిపిలో (తమిళనాట సంస్కృతం రాయడానికి వాడిన లిపి) వస్తాయి. తెలుగు మాత్రమే వచ్చినవాళ్లు ఇంగ్లీషు సారాంశం మీద ఆధారపడతారు, తమిళం మాత్రమే వచ్చినవాళ్లకి విజయనగర కాలం తెలుగు శాసనాల దగ్గర బండి ఆగిపోతుంది. రెండూ వచ్చిన మనిషి కొండ కిందే ఉండి ఈ పని చేయకపోతే ఇంకెవరు చేస్తారు? తాళపత్రాల మీద మోజు ఉంటే ఎస్వీయూ ఓరియంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఉండనే ఉంది, సంస్కృతం కావాలంటే జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం అదే ఊళ్లో. ఇన్ని వసతులు ఉన్న ఊరు హిస్టరీ వాళ్లకి అరుదుగా దొరుకుతుంది, మనవాళ్లు మాత్రం గ్రూప్స్ కోచింగ్‌కని హైదరాబాద్ బస్సెక్కుతారు!

అమెరికాలో ఆర్ట్స్ పీహెచ్‌డీకి కూడా మంచి చోట్ల ఫండింగ్ ఉంటుంది, సీట్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. హిస్టరీ డిపార్ట్‌మెంటే కానక్కర్లేదు, సౌత్ ఏషియా, రిలిజియన్ డిపార్ట్‌మెంట్లు కూడా చూడాలి. విస్కాన్సిన్ మాడిసన్‌లో వెల్చేరు నారాయణరావు గారు దశాబ్దాల పాటు తెలుగు చెప్పారు, షికాగోలో దక్షిణాసియా భాషల డిపార్ట్‌మెంటే వేరుగా ఉంది. అక్కడ సైన్స్ వాళ్ల కంటే ఏళ్లు ఎక్కువ పడతాయి, ఎందుకంటే ఇంకో ఒకటి రెండు భాషలు నేర్చుకోమంటారు. సైన్స్ వాళ్లకి రాతలో ఎస్.ఓ.పి. (ఏం చేయాలనుకుంటున్నావో, ఎందుకో చెప్పే వ్యాసం) ఒక్కటి చాలు, మనకి పదిహేను ఇరవై పేజీల రైటింగ్ శాంపిల్ కావాలి, ఎంపిక చాలా వరకు దాని మీదే. గైడుల నుంచి నాలుగు పేరాలు, సెమినార్ పేపరు నుంచి నాలుగు పేరాలు అతికిస్తే మూడో పేజీకే దొరికిపోతారు.

ఒక జాగ్రత్త. ఎస్సీ విద్యార్థులకి, సంచార జాతులకి, భూమి లేని వ్యవసాయ కూలీల పిల్లలకి కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్‌సీస్ స్కాలర్‌షిప్ చాలా మంచిది, కానీ 2022లో మార్చిన నిబంధనల్లో భారతదేశ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద చదువుకి ఇవ్వం అని పెట్టారు. నాకైతే ఇది అన్యాయం అనిపిస్తుంది, మన చరిత్ర మనం బయట చదివితే తప్పేంటట? తను ఆ కోవలోకి వస్తే మాత్రం దీని మీద ఆశ పెట్టుకునే ముందు తాజా నోటిఫికేషన్ చదువుకోమను.

పాత_చాక్‌పీసు

అమ్మాయ్, నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన వాణ్ణి. పై ముగ్గురూ ఉత్సాహంగా చెప్పారు, నేను కాస్త చన్నీళ్లు చల్లుతాను.

మీ మేనమామ మాట తీసిపారేయదగింది కాదు. పీహెచ్‌డీ పట్టా చేతిలో పెట్టుకొని గెస్ట్ ఫ్యాకల్టీగా గంటల లెక్కన పని చేస్తున్న వాళ్లని నేను చాలామందిని చూశాను, రెగ్యులర్ పోస్టులు ఏళ్ల తరబడి భర్తీ కావడం లేదు. నెట్ పాసైతే పీహెచ్‌డీ లేకుండానే లెక్చరర్ పోస్టులకి అర్హత వస్తుంది. కాబట్టి ఉద్యోగం కోసమే అయితే పీహెచ్‌డీ వద్దు. ఆ వాన సంగతి తేల్చుకోకపోతే నిద్ర పట్టదు అంటేనే చెయ్యి.

చేస్తే మాత్రం ఫెలోషిప్ లేకుండా చేరొద్దు. ఇంకా ముఖ్యం, గైడు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ దగ్గర 6, అసిస్టెంట్ దగ్గర 4 మించి స్కాలర్లు ఉండకూడదు. ఖాళీ ఉంది కదా అని ఎవరి దగ్గరంటే వాళ్ల దగ్గర చేరిపోతారు పిల్లలు. ఆ గైడు దగ్గర ఇంతకు ముందు చేసినవాళ్లకి ఎన్నేళ్లు పట్టింది, ఇప్పుడు వాళ్లు ఎక్కడున్నారు, మధ్యలో ఎంతమంది వదిలేశారు అని స్కాలర్ల రూముకి పోయి టీ తాగుతూ అడిగితే అరగంటలో మొత్తం బయటికొస్తుంది. కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు, ఆ పైన రెండేళ్లు పొడిగింపు, ఆడవాళ్లకి ఇంకో రెండేళ్లు సడలింపు ఉంది. మెటర్నిటీ లీవు, చైల్డ్ కేర్ లీవు 240 రోజుల దాకా ఇస్తారు, ఇది మీ అమ్మకి చెప్పు, పెళ్లి మాట వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఫెలోషిప్ డబ్బు నెలనెలా ఒకటో తేదీకి పడుతుందని మాత్రం లెక్క వేసుకోకు. రెండు మూడు నెలల హాస్టల్ ఖర్చు చేతిలో పెట్టుకొనే చేరు.

మామిడితోట

అందరికీ థ్యాంక్స్, ఇంత రాస్తారని అనుకోలేదు. రాతిమీదరాత అన్నా, తనకి తమిళం చదవడం కూడా వచ్చు, వాళ్ల అమ్మది వేలూరు. మీ పోస్టు చదివినప్పటి నుంచి నాకు నిద్ర లేదు, శాసనాలంటూ రూమంతా జెరాక్సులు పరిచేసింది.

చాక్‌పీసు సార్, నిద్ర పట్టని రకమే నేను. ఐమెర్జ్ డౌన్‌లోడ్ మొదలుపెట్టాను, హాస్టల్ వైఫైకి అది పెద్ద కొండే.

హార్స్‌లీ అన్నా, ఆ లెటర్ల సంగతి చెప్తానన్నావు.

హార్స్‌లీ_గాలి

చెప్తా. "నువ్వే రాసుకొని రా" అనడం మన దగ్గర మామూలే, సార్ చెడ్డవారని కాదు, వాళ్ల మీద అరవై మంది పిల్లల పని ఉంటుంది. కానీ రాసుకోవద్దు. అప్లికేషన్‌లో ఈ లెటరు చూసే హక్కు వదులుకుంటున్నాను అని నువ్వు టిక్ పెడతావు, అట్లాంటప్పుడు అది నువ్వే రాసి ఉంటే ఏం బాగుంటుంది? పైగా మూడూ నువ్వే రాస్తే మూడింటి గొంతూ ఒకటే, వందల లెటర్లు చదివే కమిటీ వాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది.

"సిన్సియర్, హార్డ్ వర్కింగ్, గుడ్ క్యారెక్టర్" అని ఉండే నాలుగు లైన్ల లెటరు కూడా ఉన్నా లేకున్నా ఒకటే. వాళ్లకి కావాల్సింది ఇట్లాంటిది: "ఈ విద్యార్థిని మూడో సెమిస్టర్ ప్రాజెక్టులో బెలూన్ డేటాలో కొన్ని ఎత్తుల దగ్గర తేమ విలువలు కుదరడం లేదని తనే పట్టుకుంది, సెన్సర్ లోపమా నిజంగా మేఘమా అని తేల్చడానికి పక్క రోజుల డేటాతో పోల్చి చూసింది, నేను చెప్పకుండానే." ఇది సార్ రాయాలంటే సార్‌కి గుర్తుండాలి. అందుకని నువ్వు లెటరు రాయకుండా, ఒకే ఒక్క కాగితం తయారుచేసి ఇవ్వు. పైన నీ పేరు, సార్ దగ్గర చదివిన పేపర్లు, మార్కులు. దాని కింద సార్ చూస్తుండగా నువ్వు చేసిన పనులు రెండో మూడో, ఏ తేదీల్లో, ఏం తప్పు వచ్చింది, ఎట్లా సరిచేశావు. చివర్లో ఏ యూనివర్సిటీలు, డెడ్‌లైన్లు. దీనితో పాటు ఎస్.ఓ.పి. డ్రాఫ్టు. "సార్, మీకు తోచింది మీరే రాయండి, పాయింట్లు ఇవి" అని చెప్తే చాలా మంది సార్లు పది నిమిషాలు కూర్చొని రాసేస్తారు, వాళ్లకీ ఖాళీ కాగితం ముందు కూర్చోవడమే కష్టం.

లింకు సార్ మెయిల్‌కి పోతుంది, యూనివర్సిటీ మెయిల్ ఐడీ ఇవ్వు, జీమెయిల్ అయితే కొన్ని చోట్ల అనుమానంగా చూస్తారు. ఆ మెయిల్ స్పామ్‌లో పడి ఉంటుంది, డెడ్‌లైన్‌కి పది రోజుల ముందు నువ్వే డిపార్ట్‌మెంట్‌కి పోయి సార్ పక్కన నిలబడి వెతికించు. ముగ్గురిలో ఒకరైనా నీ చేత రీసెర్చ్ పని చేయించిన వాళ్లు కావాలి. గాదంకిలో ప్రాజెక్టు దొరికితే ఆ సైంటిస్టు లెటరు మీ క్లాసు సార్ల రెండు లెటర్ల కంటే బరువు.

ప్రొఫెసర్లకి మెయిల్ పెట్టేటప్పుడు "రెస్పెక్టెడ్ సర్" తో మొదలుపెట్టి నీ పదో తరగతి మార్కుల దాకా రాయకు. వాళ్ల పేపరు ఒకటి నిజంగా చదివి, అందులో నీకు అర్థం కాని ఒక పాయింటు అడుగు, నీ ఐమెర్జ్ గ్రాఫు ఒకటి జతచెయ్యి, వచ్చే ఏడాదికి విద్యార్థుల్ని తీసుకుంటున్నారా అని అడిగి ఆపెయ్. పది లైన్లు మించొద్దు. జవాబు రాకపోతే రెండు వారాలు ఆగి ఒక్కసారి గుర్తుచెయ్, అంతే.

ట్రాన్‌స్క్రిప్టులకి ఎగ్జామినేషన్ బ్రాంచిలో ఎప్పుడైనా రష్ ఉంటుంది, ఫలితాలు రాగానే చలానా కట్టేసి రెండు మూడు సెట్లు సీల్డ్ కవర్లలో తీసి పెట్టుకో. ఆ కన్సల్టెన్సీలో ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి ఉంటే ఈ వారమే పోయి వెనక్కి తెచ్చుకో.

మామిడితోట

జెరాక్సులే ఇచ్చానన్నా. గాదంకికి మా సార్ ద్వారా సోమవారం మెయిల్ పెట్టిస్తున్నాను. నెట్ నోటిఫికేషన్ వచ్చినప్పుడు కూడా అప్లై చేస్తా. ఏర్పేడు అన్నా, మే నెల గ్రాఫు గీశాక ఇక్కడ పెడితే చూస్తావా?

ఏర్పేడు_పాసింజర్

పెట్టు. డేటాలో టైం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) ఉంటుంది, అయిదున్నర గంటలు కలపడం మర్చిపోకు, లేకపోతే మన సాయంత్రం వాన గ్రాఫులో మధ్యాహ్నం పన్నెండుకి కనిపిస్తుంది.